మా అన్న మాట వినడు

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాకు మాట్లాడే ఓపిక ఉండదు. సూర్యాపేటలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున్నుంచీ అరిచిన గొంతు సాయంత్రానికి గరగరమంటుంది. చెప్పులు విడిచి, చాయ్ పెట్టుకుని, వంటింట్లో పీట మీద కూలబడి మా అన్నకు ఫోన్ చేస్తాను. రోజూ కాదు. నాలుగు రోజులు దాటితే మాత్రం ఏదో మరిచిపోయినట్టుంటుంది.

అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆపరేటరు. మీసాలు సరిగా రాకముందే ఆ మిల్లులో చేరాడు. డ్యూటీ దిగి, స్నానం చేసి, బయట కుర్చీ వేసుకుని కూర్చునే వేళకు నా ఫోన్ వెళ్తుంది.

"అన్నా, తిన్నవా?"

"ఆ, తిన్న. నువ్వు?"

"తింట. పని ఎట్లుంది?"

"నడుస్తుంది."

"పానం మంచిగుందా?"

"మంచిగనే ఉంది. పిల్లలు ఎట్లున్నరు?"

"మంచిగున్నరు. ఇంకేంది సంగతులు?"

"ఏం లేవు. నువ్వే చెప్పాలె."

"నా దగ్గరేముంటయన్నా."

"సరే మరి, ఉంటా."

ఎన్నో ఏళ్లుగా మేము మాట్లాడుకున్నది ఇంతే. మాటలు మారలేదు, వాటి వరసా మారలేదు. ఫోన్ పెట్టేశాక అన్నతో మాట్లాడానన్న తృప్తి ఉండేది. ఏం మాట్లాడావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అయినా తృప్తి ఉండేది.

మాది పాలకీడు దగ్గరి పల్లె. మా చిన్నప్పుడే అమ్మ పోయింది. కోదాడలో ఉండే చిన్నమ్మ, అంటే అమ్మకు చెల్లెలు, మమ్మల్ని తీసుకెళ్లి తన కొడుకుతో పాటు పెంచింది. కుట్టు మిషన్ మీద మా అందరి కడుపులూ నింపింది. ఆదివారం పొద్దున ముగ్గురికీ తలకు నూనె రాసి, పక్క పాపిడి తీసి, చర్చికి నడిపించుకుపోయేది. అన్నకు చదువు అబ్బలేదు, మిల్లుకు పోయాడు. నేను టీచర్నయ్యాను. తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు, కోదాడలోనే మొబైల్ షాపు పెట్టుకున్నాడు. చిన్నమ్మ ముసలిదయ్యాక కూడా అన్న వీలున్నప్పుడల్లా కోదాడ పోయి, ఆమె మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని వచ్చేవాడు.

మా వదినది నేరేడుచర్ల. పెళ్లయిన కొన్నేళ్లకే నాతో చెప్పింది: "మీ అన్న నా మాట ఇనడు."

నేను నవ్వాను. "ఏ ఇంట్ల ఇంటరు వదినా" అన్నాను.

ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. పెళ్లిళ్లలో అన్నది, ఫోన్లో అన్నది, కూరగాయలు తరుగుతూ అన్నది. నేనే కాదు, విన్నవాళ్లంతా నవ్వారు. మొగుళ్ల గురించి ఆడవాళ్లు అనే మాటే కదా అది. మా ఇళ్లలో ఆ మాటకు కొత్తగా అర్థం వెతకవలసిన పని ఎవరికీ పడలేదు. మా అన్న టీవీ పెద్దగా పెడితే, మిల్లులో పనిచేసేవాళ్ల ఇల్లు అట్లే ఉంటుందన్నారు. బజారులో ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడకపోతే, పొగరన్నారు. నలుగురిలో కూర్చుని మాట్లాడకపోతే, నెమ్మదస్తుడన్నారు. ఆ చివరి మాట అన్నది నేనే. మా అన్న తక్కువ మాట్లాడతాడని బళ్లో తోటి టీచర్లకు గొప్పగా చెప్పేదాన్ని. ప్రతిదానికీ మా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. మాట దొరికింది గనుక, అసలు సంగతేమిటని ఎవరమూ ఆలోచించలేదు.

మొన్నటి ఎండాకాలం మొదట్లో చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. తమ్ముడు ఫోన్ చేస్తే సెలవు పెట్టి కోదాడ పరుగెత్తాను. దవాఖానలో ఆమెను మంచం మీద చూశాను. ఒక పక్క నోరు జారిపోయింది. కళ్లు మాత్రం తిరుగుతున్నాయి, గుమ్మం వైపే చూస్తున్నాయి. వరండాలోకి వచ్చి అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, చిన్నమ్మకు సీరియస్‌గ ఉంది. కోదాడ దవాఖానల ఉన్నం. జల్ది రా."

"ఆ, తిన్న. నువ్వు?"

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. సిగ్నల్ సరిగా లేదేమో అనుకుని బయట మెట్ల మీదికి వచ్చి మళ్లీ చెప్పాను. చిన్నమ్మ నిన్నే చూడాలంటున్నట్టుంది, బస్సెక్కు అన్నాను.

"నడుస్తుంది. పిల్లలు ఎట్లున్నరు?" అన్నాడు అన్న మామూలుగా.

నేను ఫోన్ కట్ చేశాను. ఒళ్లంతా మండిపోయింది. తాగాడా అనుకున్నాను, కానీ అన్న తాగడు. ఈసారి తమ్ముడు చేశాడు. "అన్నయ్యా, అమ్మకి బాగోలేదు, డాక్టర్లు ఏం చెప్పలేమంటున్నారు" అన్నాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు నాకూ వినపడింది: "మంచిగనే ఉంది తమ్మీ. ఏం సంగతులు?" తమ్ముడు ఫోన్ వంక చూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజంతా అన్న పేరెత్తలేదు.

వదిన అప్పుడు తల్లిగారింట్లో, నేరేడుచర్లలో ఉంది. ఆమెకు చేసి చెప్పాను. కాసేపటికి ఆమే తిరిగి చేసింది.

"చెప్పిన. ఫోన్ల సరే అన్నడు. వస్తడు."

సరే అన్నాడు కాబట్టి వస్తాడనుకున్నాం. సాయంత్రం దాకా చూశాం. మిర్యాలగూడ నుంచి వచ్చే బస్సు వేళకల్లా తమ్ముడు గేటు దాకా పోయి వచ్చాడు. అన్న రాలేదు. మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మ పోయింది.

ఆ కబురు మాత్రం వదినకే చెప్పాను. ఆమె ఆటో పట్టుకుని మిర్యాలగూడ పోయి, మిల్లు గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చిన అన్న ముఖంలోకి చూసి చెప్పిందట. అన్న అక్కడే బియ్యం బస్తాల మీద కూలబడ్డాడట. ఒళ్లంతా తవుడు దుమ్ముతోనే కోదాడ వచ్చాడు.

తమ్ముడు అన్నను పలకరించలేదు. బంధువులు మాత్రం ఊరుకుంటారా? "పెంచిన తల్లయితే ఏంది, కన్నతల్లి కాదు గద" అని ఒకామె మెల్లగా, అందరికీ వినపడేలా అన్నది. అన్న ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. ముఖంలో ఏ కదలికా లేదు. రాతిగుండె అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను, ఆ పూట.

సమాధి తోటలో ఎండ మండుతోంది. పాస్టరుగారు అందరినీ కళ్లు మూసుకొమ్మని ప్రార్థన మొదలుపెట్టారు. మైకు లేదు. పెద్దాయన గొంతు సన్నగా వస్తోంది. ప్రార్థన అయిపోయింది, ఆమెన్ అన్నాం, కళ్లు తెరిచాం. మగవాళ్లు పారలు అందుకున్నారు. అన్న మాత్రం చేతులు జోడించుకుని, కళ్లు మూసుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇందాక మాట అన్న ఆమే, "పాపం, లోపల ఎంత కుములుతున్నడో" అన్నది. పాస్టరుగారు "బాబూ" అన్నారు. మళ్లీ "బాబూ, మట్టి వెయ్యి" అన్నారు. అన్న కదల్లేదు. ఎవరో గట్టిగా పిలిచారు. కదల్లేదు.

నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు. అందరూ పని మొదలుపెట్టారని చూసి, గబగబా వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. ఆ కళ్లలో దుఃఖం కంటే ముందు భయం కనపడింది. బళ్లో పాఠం వినకుండా పట్టుబడ్డ పిల్లల ముఖంలో కనపడే భయం లాంటిది. అప్పుడు తెలిసింది నాకు. ఇంతకాలం అన్న మమ్మల్ని కళ్లతో వింటున్నాడు. కళ్లు మూసుకొమ్మంటే ఇంక ఏ ఆధారమూ లేదు.

ఇంటికొచ్చాక పక్క సందులోకి తీసుకుపోయి, ఎదురుగా నిలబడి అడిగాను.

"అన్నా, నీకు ఇనపడ్తలేదా?"

నా పెదాల వైపు చూశాడు. "జర తక్కువ" అన్నాడు.

వారం లోపలే సూర్యాపేటలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వదిన కూడా వచ్చింది. అద్దాల గదిలో అన్నను కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినపడితే వేలు ఎత్తమన్నారు. బయటి నుంచి చూస్తున్నాం. వేలు మోకాలి మీద అట్లాగే ఉంది. ఎప్పుడో ఒకసారి లేస్తోంది. అన్న అద్దంలోంచి మా ముఖాలే చూస్తున్నాడు, ఎత్తాలో వద్దో మేము చెబుతామేమోనని. పరీక్ష చేస్తున్న అమ్మాయి వచ్చి కుర్చీని గోడ వైపు తిప్పింది.

డాక్టరు అడిగాడు, "ఎప్పట్నుంచి వినపడటం లేదు?"

అన్న జవాబు చెప్పేలోపల వదిన అన్నది, "సారూ, ఎప్పట్నుంచో నా మాట ఇనడు."

డాక్టరు నవ్వాడు. వదిన నవ్వలేదు. ఆయన నవ్వు ఆపి కాగితం వైపు చూశాడు.

మిల్లు మోత వల్ల ఏళ్ల తరబడి చెవి నరాలు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని చెప్పాడు. "గొంతు వినిపిస్తది, మాట తెగదు. స, త, క లాంటి అక్షరాలు చెవిదాకా పోవు. అందుకే ఎవరో మాట్లాడుతున్నరని తెలుస్తది, ఏం మాట్లాడుతున్నరో తెల్వది" అన్నాడు. చెవి మిషన్లు పెడితే కొంత మేలన్నాడు.

వదిన మందుల షాపు దగ్గర ఆగింది. నేనూ అన్నా బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. ముఖం చూసి, నెమ్మదిగా అడిగాను.

"మరి ఫోన్ల ఎట్ల మాట్లాడినవన్నా, ఇన్నేండ్లు?"

అన్న కాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఒక్కసారి అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు అడిగేటియి నాకెరికే గద చెల్లె. ఫోనెత్తంగనే తిన్నవా అంటవ్. జర ఆగుతవ్. ఆడ తిన్న అంటె సరిపోతది. మల్ల పని ఎట్లుంది అంటవ్. నడుస్తుంది అంట. తర్వాత పానం. నీ గొంతు లేస్తది, దిగుతది, ఆగుతది. ఆగిన కాడ నేను చెప్పాలె. గంతే. నువ్వనే కాదు, అందరు గదే అడుగుతరు. మీ వదిన అన్నం పెట్టాల్నా అంటది, పెట్టు అంట. దోస్తులు ఏం సంగతి అంటరు, ఏం లేదంట. మిల్లుల ఎట్లాగు ఎవ్వలకు ఇనపడదు, చేతులతోటే చెప్పుకుంటం. ఒక్కటి గిట్ల తప్పిన అనుకో, ఆల్లే పరధ్యానం అనుకుంటరు. తప్పింది తక్కువే."

"మాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? చెవిటోన్నయిన అని చెప్పాల్నా?"

ఆ మాటను మేమంతా తిట్టుగానే వాడాం. పిల్లలు పలకకపోతే "చెవుడా" అంటాం. నేను తరగతిలో ఎన్నోసార్లు అన్నాను. పరీక్షలో చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే జాతీయాన్ని సొంత వాక్యంలో రాయమని అడుగుతాను, పిల్లలు రాస్తారు, టిక్కు పెడతాను. చెవి పోయిన మనిషి నలుగురిలో తల ఎత్తుకుని చెప్పుకునే మాట ఒకటి కావాలి కదా. వెతికితే నాకూ దొరకలేదు. 'వినికిడి లోపం' అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాటతో ఎవరైనా ఇంట్లో భార్యతో, అన్నం ముందు కూర్చుని చెప్పుకోగలరా?

చిన్నమ్మ పోయాక చర్చివాళ్లు ఇంట్లో పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక రోజు మళ్లీ కోదాడ పోయాం. ప్రార్థన అయి, భోజనాలు అయి, జనం పలచబడ్డాక తమ్ముడికి అంతా చెప్పాను. అప్పటిదాకా అన్న ఒక మూల కుర్చీలో, తమ్ముడు ఇంకో మూల.

"వినపడకపోతే వినపడట్లేదని చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత గోడకు చేరగిలబడి, "అమ్మకి తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఎప్పుడూ చెప్పేది. పెద్దోడు వినడురా, ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పాలి వాడికి, అనేది. నేనేమో అన్నయ్య మొండోడు, బతిమాలి చెప్పాలంటుందేమో అనుకునేవాణ్ణి. అన్నయ్య వస్తే మిషన్ ఆపేసేది. ఎవరొచ్చినా ఆపేది కాదు, కుడుతూనే మాట్లాడేది. అన్నయ్యొస్తే ఆపి, మోకాలి మీద తట్టి, మొహంలో మొహం పెట్టి చెప్పేది. ముద్దు అనుకునేవాణ్ణి."

చిన్నమ్మ చెప్పింది. వదిన చెప్పింది. ఇద్దరూ దాచకుండా, ఉన్నది ఉన్నట్టుగా చెప్పారు. మా భాషలో చెవికి ఎక్కకపోయినా వినకపోవడమే, మనసుకు ఎక్కించుకోకపోయినా వినకపోవడమే. ఆ రెండో అర్థం మా ఇళ్లలో అంత అలవాటైపోయింది కాబట్టి మొదటిది ఎవరికీ తట్టలేదు. ఒక మాటకు నానార్థాలు రాయమని పిల్లలకు బోర్డు మీద ఇస్తాను. 'విను' ఎప్పుడూ ఇవ్వలేదు.

తమ్ముడు లేచి వెళ్లి అన్న పక్కన కుర్చీ వేసుకున్నాడు. అన్న వాడి నోటి వైపు చూశాడు.

"రాలేదని కోపమొచ్చింది అన్నయ్యా" అన్నాడు తమ్ముడు, ఒక్కో మాటా విడిగా.

"కోపం రావాలె తమ్మీ" అన్నాడు అన్న. "తెలిస్తె నడుసుకుంటనన్న వచ్చెటోన్ని."

ఇద్దరూ ఇంకేదో మాట్లాడుకుంటారనుకున్నాను. తమ్ముడు, "సర్లే, అయిందేదో అయింది" అన్నాడు. అన్న తల ఊపాడు. అంతటితో అయిపోయింది. పెద్ద దుఃఖాలను మూసెయ్యడానికి మాకున్న మూత అదొక్కటే. తీసి లోపల ఏముందో చూసే ఓపిక ఆ రోజు నాకూ లేదు. అంట్లు తోముకుంటూ కూర్చున్నాను.

చెవి మిషన్లు వచ్చాయి. మొదటి వారం అన్న వాటిని భరించలేకపోయాడు. ఫ్యాను మోత, గిన్నెల మోత, సొంత నడక మోత. "ఇంత లొల్లిల ఎట్లుంటున్నరు మీరు" అన్నాడు. మిల్లులో మాత్రం తీసేస్తాడు. డాక్టరు చెవుల్లో పెట్టుకొమ్మన్న రబ్బరు బిరడాలు ఇప్పుడు పెట్టుకుంటున్నాడట. మిగతావాళ్లు ఎగతాళి చేస్తున్నారట. మొన్న వదిన ఫోన్ చేసి, "ఇప్పుడు ఇనపడ్తుంది ఆయనకు. నాకే ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నది.

నాదీ అదే స్థితి. అన్నకు ఫోన్ చేస్తాను, ఇప్పుడు నా ప్రతి మాటా అవతల పడుతుందని తెలుసు. తెలిసినప్పటి నుంచి నోరు పెగలదు. పాత ప్రశ్నలు అడగడానికి సిగ్గు. కొత్తవి రావు. ఒకరోజు ధైర్యం చేసి, నీకు ఏమనిపిస్తుందన్నా అని అడిగాను. "దేని గురించి?" అన్నాడు. నిజమే, దేని గురించి? పిల్లలకు వ్యాసాలు రాయడం నేర్పిన దాన్ని, తోడబుట్టిన వాడిని ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. వానలు ఎట్లున్నాయని అడిగి పెట్టేశాను.

పోయిన నెల చెవి మిషన్లు సరిచేయించుకోవడానికి అన్న ఒక్కడే సూర్యాపేట వచ్చాడు. పని అయ్యాక బస్టాండులో కూర్చున్నాం. ఆ రోజు బళ్లో ఇన్‌స్పెక్షన్ అయి, నేను మనిషిని మనిషిలా లేను. తలనొప్పి. బస్టాండు గోలకు అన్న ఒక చెవి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండోది ఉంచుకున్నాడు, నేను కూర్చున్న వైపుది.

కాసేపటికి తనే మొదలుపెట్టాడు.

"ఒకసారి బిడ్డ చిన్నగున్నప్పుడు ఏడుస్తుందట. పక్కనే పండుకున్న. లేవలే. మీ వదిన పొయ్యి కాడ్నుంచి ఉరికొచ్చింది. బిడ్డ మొఖం సూసిన. నోరు తెరిసి ఏడుస్తుంది, నాకు సప్పుడు ఎక్కడ్నో దూరం నుంచి సన్నగ వస్తుంది. అప్పుడు భయమైంది. ఎవ్వలకు చెప్పలే."

బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. అంటే అన్ని ఏళ్లు.

నా నోటి చివరికి "పోనీలే అన్నా" అన్న మాట వచ్చింది. ఎవరైనా ఇట్లాంటిది చెబితే నా నోట్లోంచి అదే వస్తుంది, అమ్మ పోయినప్పుడు మాతో అందరూ అన్న మాట కూడా అదే. మింగేశాను. తలనొప్పితో కళ్లు మూతలు పడుతున్నాయి. అన్న నా పెదాల వైపు చూడటం లేదు, ఎదురుగా ప్లాట్‌ఫారం మీద ఆగుతున్న బస్సుల వైపు చూస్తున్నాడు. చెప్పింది చాలనుకున్నాడో, ఇంకా ఉందో తెలియదు.

"ఇంకా చెప్పన్నా" అన్నాను.

అన్న నా వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. అంతలో మైకులో మిర్యాలగూడ బస్సు అని అరిచారు. అన్నకు వినపడింది. సంచీ తీసుకుని లేచాడు.

"ఇంకోసారి చెప్త" అన్నాడు.

అన్నకు కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాను. తర్వాత ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను. కాళ్లు లాగుతున్నాయి.